గరాజులో అట్టపెట్టెలు, ఈబేలో వేలంపాట: పాత తెలుగు పుస్తకాలను అమ్మడం ఎలా?

అమెరికాలో మన తెలుగువాళ్ళ గరాజులో కారు తప్ప మిగతావన్నీ ఉంటాయని ఒక జోకుంది. ఆ మిగతావాటిలో తప్పకుండా కనిపించేవి అట్టపెట్టెల్లో కట్టిపెట్టిన తెలుగు పుస్తకాలు. 1970ల్లో, 80ల్లో ఇక్కడికొచ్చిన పెద్దలు ఇండియా వెళ్ళినప్పుడల్లా పచ్చళ్ళతో పాటు సూట్‌కేసుల్లో మోసుకొచ్చిన పుస్తకాలవి. ఇప్పుడు వాళ్ళలో చాలామంది రిటైరయ్యారు. పెద్ద ఇళ్ళు అమ్మేసి చిన్న ఇళ్ళకు, పిల్లలుండే ఊళ్ళకు మారుతున్నారు. పిల్లలకు తెలుగు మాట్లాడటం కొద్దో గొప్పో వచ్చుగానీ చదవడం రాదు. మరి ఆ పుస్తకాలు ఎక్కడికి పోతాయి? నిజం చెప్పాలంటే, ఎక్కువభాగం రీసైక్లింగ్ డబ్బాలోకే పోతున్నాయి.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఎమ్మెస్ చదివే రోజుల్లో వాడేసిన టెక్స్ట్‌బుక్కులు ఈబేలో అమ్మడంతో మొదలై, తర్వాత పాత తెలుగు పుస్తకాలు కొనడం, అప్పుడప్పుడు అమ్మడం ఒక అలవాటుగా మారింది. ఈ సంగతి తెలిసి, మా ఊళ్ళో ఉండే ఒక పెద్దాయన కిందటేడు ఫోన్ చేశారు. ఇల్లు ఖాళీ చేయించే కంపెనీవాళ్ళు ఆయన ఆరు పెట్టెల పుస్తకాల మీద "విదేశీ భాష, విలువ లేదు" అని చీటీ అంటించారట. "బాబూ, డబ్బు సంగతి తర్వాత. చదివేవాడి చేతిలో పడితే చాలు" అన్నారాయన. ఆ ఆరు పెట్టెలు విప్పుతూ నేర్చుకున్నవీ, అంతకుముందే తెలిసినవీ కలిపి ఇక్కడ చెబుతాను.

ముందుగా ఒక్క మాట. ఆ చీటీ రాసిన మనిషి తప్పేమీ లేదు. అతనికి అక్షరం తెలియదు. పాత తెలుగు పుస్తకానికి ఇక్కడ విలువ రావాలంటే, దాని మొదటి పేజీ చదివి అదేమిటో చెప్పగలిగే మనిషి కావాలి. చాలా ఇళ్ళల్లో అలాంటి మనుషుల్లో ఆఖరివాళ్ళం మనమే.

వేలంపాట అసలు ఎలా పనిచేస్తుంది?

పియర్ ఒమిడ్యార్ 1995 సెప్టెంబరులో ఆక్షన్‌వెబ్ అనే పేరుతో మొదలుపెట్టిన సైటే ఇప్పటి ఈబే. అందులో మొదట అమ్ముడుపోయింది ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు! ఎవరికీ అక్కరలేదనుకున్న వస్తువు కూడా కావలసిన ఒక్క మనిషికి కనబడితే చాలన్నమాట.

మన ఊళ్ళో వేలంపాటలో "ఒకటోసారి, రెండోసారి" అని అరుస్తారు. ఈబేలో అలా కాదు. మీరు ఎంతవరకు పెట్టగలరో ఆ గరిష్ఠ మొత్తం ముందే చెప్పేస్తారు. మీ తరఫున కంప్యూటరు అవసరమైనంత మేరకే పాడుతూ పోతుంది. ఉదాహరణకు మీ గరిష్ఠం 80 డాలర్లు, అవతలివారిది 50 అనుకోండి. పుస్తకం మీకు 51కి వస్తుంది. అంటే ధరను నిర్ణయించేది గెలిచినవారు కాదు, ఓడిపోయిన రెండోవారు. ఇలాంటి వేలాల మీద విలియం వికరీ 1961లో ప్రసిద్ధమైన పత్రం రాశారు, 1996లో ఆయనకు నోబెల్ వచ్చింది.

అమ్మేవాళ్ళకు ఇందులో ఉన్న నీతి చాలా ముఖ్యం. వేలంలో మంచి ధర రావాలంటే ఆ పుస్తకం కావలసినవాళ్ళు కనీసం ఇద్దరు, అదే వారంలో, అక్కడ ఉండాలి. ఒక్కరే ఉంటే మీరు పెట్టిన ప్రారంభ ధరకే పోతుంది. బాలాపూర్ గణేశుడి లడ్డు వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. లడ్డు అదే, పోటీపడేవాళ్ళు పెరిగారు. తెలుగు పుస్తకాలకు ఇక్కడ అంత పోటీ లేదు. అందుకని చాలా పుస్తకాలకు ఏడు రోజుల వేలం కన్నా స్థిరమైన ధర పెట్టి, బేరానికి అవకాశం ఇచ్చి, నెలల తరబడి ఓపిక పట్టడమే మేలు. పేరున్న, అరుదైన పుస్తకాలకు మాత్రమే వేలం పెట్టండి. పెట్టినప్పుడు కూడా, ఎంతకు పోయినా బాధపడని మొత్తాన్నే ప్రారంభ ధరగా పెట్టండి.

ఇంకో సంగతి. చివరి నిమిషం దాకా ఎవరూ పాడటం లేదని కంగారు పడకండి. ఈబేలో వేలం గడువు స్థిరంగా ఉంటుంది కాబట్టి అనుభవజ్ఞులు ఆఖరి సెకన్లలోనే పాడతారు. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో ఈబేను, అప్పట్లో అమెజాన్ నడిపిన వేలాలతో పోల్చి చూశారు. ఆఖర్లో ఎవరైనా పాడితే గడువు పొడిగించే అమెజాన్ పద్ధతిలో ఈ ఆఖరి నిమిషపు హడావిడి తక్కువగా ఉందని తేల్చారు.

పుస్తకం వయసు కనిపెట్టడం

కొత్త పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ నంబరు కొడితే వివరాలన్నీ వచ్చేస్తాయి. ఇండియాలో ఆ నంబర్లు ఇవ్వడం మొదలైంది 1985లో. అంతకు ముందువాటికి మనమే డిటెక్టివ్ పని చెయ్యాలి. చాలా పాత తెలుగు పుస్తకాల మీద సంవత్సరం ఉండదు, లేదా "ప్రభవ" అనో "సర్వజిత్తు" అనో తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటుంది. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు మళ్ళీ వస్తుంది. ప్రభవ అంటే 1867 కావచ్చు, 1927 కావచ్చు, 1987 కావచ్చు! అప్పుడు ఈ గుర్తులు పనికొస్తాయి:

1. వెల "రూ. 1-8-0" అని ఉంటే రూపాయి ఎనిమిది అణాలు. అంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, లేదా ఆ మార్పు జరుగుతున్న రోజులది.

2. "నయాపైసలు" అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది.

3. చిరునామాలో "ఆంధ్రప్రదేశ్" ఉంటే 1956 నవంబరు తర్వాతది. ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది.

4. "మద్రాసు" బదులు "చెన్నై" అని ఉంటే 1996 తర్వాతది అయ్యే అవకాశమే ఎక్కువ.

5. "ప్రథమ ముద్రణ"నా, "పునర్ముద్రణ"నా? సేకరణకర్తలు ముందు చూసేది ఇదే. మొదటి పేజీ వెనకవైపు కూడా తప్పక చదవండి.

ఆఖరిది ఎందుకంత ముఖ్యమో బ్రౌణ్య నిఘంటువుతో చెబుతాను. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో 1852లో అచ్చయింది. రెండో కూర్పు 1903లో వచ్చింది. ఢిల్లీలోని ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ వంటి సంస్థలు ఇలాంటి పాత పుస్తకాలను ఉన్నదున్నట్టు ఫోటో తీసి మళ్ళీ వేశాయి. అలాంటి పునర్ముద్రణల్లో పాత మొదటి పేజీ యథాతథంగా ఉంటుంది. కేవలం ఆ పేజీ చూసి పాతది అనుకుంటే మోసపోతాం. పునర్ముద్రణను పునర్ముద్రణ అనే చెప్పి అమ్మండి. వాడుకునేవాళ్ళకు అదీ మంచి పుస్తకమే.

వేటికి గిరాకీ?

ఆ పెద్దాయన ఆరు పెట్టెల్లో బయటపడినవి దాదాపు ప్రతి తెలుగింట్లోనూ ఉండేవే.

చందమామలు: 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఈ పత్రిక పాత సంచికలకు జ్ఞాపకాల విలువ చాలా ఎక్కువ. వడ్డాది పాపయ్య గారి అట్టమీది బొమ్మ చెక్కుచెదరకుండా ఉంటే ఇక చెప్పక్కరలేదు. విడి సంచికల కన్నా ఏడాది మొత్తం వరసగా ఉన్నవాటిని ఎక్కువగా అడుగుతారు.

ఇంట్లో కుట్టించిన బైండు పుస్తకాలు: వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పేజీలు చింపి, వరసగా పెట్టి కాలికో బైండు చేయించుకునే అలవాటు మన ఇళ్ళల్లో ఉండేది. అమెరికన్ పుస్తకాల వ్యాపారి దృష్టిలో ఇది ముక్కలు చేసిన పత్రిక, చెత్త. మనకు తెలుసు దాని విలువ. తర్వాత పుస్తకంగా వచ్చినప్పుడు వదిలేసిన బొమ్మలు అందులో ఉంటాయి. కొన్ని సీరియల్స్ అసలు పుస్తకాలుగా రానేలేదు.

సోవియట్ పుస్తకాలు: మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చువేసి పంపిన కథలు, పిల్లల బొమ్మల పుస్తకాలు. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటే ఆ ముచ్చటా ముగిసింది.

వావిళ్ళవారి ప్రచురణలు: కావ్యాలకు, శాస్త్ర గ్రంథాలకు పేరుపడిన మద్రాసు ముద్రణలు. వీటిని చదువుకునేవాళ్ళు, పరిశోధకులు వెతుక్కుంటారు.

ఇక, ఇప్పటికీ కొత్త ముద్రణలు దొరికే నవలలకు పెద్దగా ధర రాదు. వాటిని మన సంఘం కార్యక్రమాల్లోనో, తెలుగు బడికో ఇచ్చేయడం మంచిది.

"ఇవన్నీ ఇంటర్నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి కదా, ఎవరు కొంటారు?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్‌లో ముందుండి నడిపించిన మిలియన్ బుక్ ప్రాజెక్టు, దానితో కలిసి నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్ల వేల తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. దీనివల్ల కేవలం చదువుకోవడానికి కొనేవాళ్ళు తగ్గిన మాట నిజమే. కానీ స్కాన్లలో పేజీలు ఎగిరిపోతాయి, రంగులు నలుపు తెలుపులవుతాయి. పైగా స్కాన్‌లో చూసి "చిన్నప్పుడు మా ఇంట్లో ఉండేది" అని అసలు పుస్తకం కోసం వెతికేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కొనేది కథను కాదు, ఆ వస్తువును. అందుకే దాని స్థితి గురించి దాచకుండా చెప్పాలి.

వెతికేవాళ్ళకు కనబడేలా రాయడం

ఈబేలో శీర్షికకు 80 అక్షరాలే ఇస్తారు. ఇక్కడ మన సాఫ్ట్‌వేర్ బుర్ర పనికొస్తుంది. కొనేవాళ్ళు మూడు రకాలుగా వెతుకుతారు. తెలుగు లిపిలో, మామూలుగా మనం రాసుకునే ఇంగ్లీషు స్పెల్లింగులో, ఇక మూడోది లైబ్రరీ కాటలాగుల స్పెల్లింగులో. అమెరికన్ లైబ్రరీల పద్ధతిలో "చ" అక్షరానికి "సీ" ఒక్కటే వాడతారు, పక్కన "హెచ్" ఉండదు. చలం పుస్తకం కోసం మన పద్ధతిలో కొడితే కాటలాగులో కనబడకపోవచ్చు! వీలైతే శీర్షికలో రెండు రకాలు, కింద వివరణలో మూడూ రాయండి. రచయిత, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం, పేజీలు, బొమ్మలు వేసినవారి పేరు చేర్చండి.

ఫోటోలు కనీసం ఎనిమిది తీయండి: అట్ట ముందూ వెనకా, వెన్ను, మొదటి పేజీ, దాని వెనక వైపు, పురుగు తిన్న చోటు, చిరిగిన చోటు, ఎవరైనా సంతకం చేసిన పేజీ. చిరుగులకు సెల్లోటేపు అంటించకండి, అది కాగితాన్ని ఇంకా పాడుచేస్తుంది. నాఫ్తలీన్ వాసన వస్తుంటే అదీ రాయండి. లోపాలన్నీ ముందే చెబితే పుస్తకం తిరిగి రాదు.

ధర నిర్ణయించేటప్పుడు ఇతరులు అడుగుతున్న ధరలు చూడకండి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు! "అమ్ముడైనవి" అనే ఫిల్టరు పెట్టి నిజంగా ఎంతకు పోయాయో చూడండి.

లెక్కలు, పోస్టు, చట్టం

పుస్తకం 40 డాలర్లకు అమ్ముడయింది, పోస్టేజీ కింద ఇంకో 5 తీసుకున్నారు అనుకుందాం. ఈబే మొత్తం 45 మీద సుమారు 15 శాతం, అంటే 6.75 తీసుకుంటుంది, పైన ఆర్డరుకు కొద్ది సెంట్లు. పోస్టుకు 5, ప్యాకింగుకు 1 తీసేస్తే చేతిలో మిగిలేది దాదాపు 32. అదే 8 డాలర్ల పుస్తకమైతే మీ శనివారం మధ్యాహ్నానికి కూలి కూడా గిట్టదు.

యూఎస్ పోస్టాఫీసు మీడియా మెయిల్ పుస్తకాలకు అన్నిటికన్నా చవక, 70 పౌన్ల దాకా పంపొచ్చు. కానీ ప్రకటనలున్న పత్రికలు ఇందులో పంపకూడదు. పుస్తకాల పెట్టెలో చందమామలు కలిపి పంపితే చిక్కే, పోస్టాఫీసువాళ్ళు తెరిచి చూసే హక్కుంది. పత్రికలను గ్రౌండ్ అడ్వాంటేజ్ వంటి మామూలు సర్వీసులో పంపండి.

ఇండియాలో అచ్చయిన పుస్తకాన్ని ఇక్కడ అమ్మొచ్చా? అమ్మొచ్చు. దీని వెనక మనలాంటి విద్యార్థి కథే ఉంది. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన సుపాప్ కిర్ట్‌సాంగ్ అనే విద్యార్థి అక్కడి చవక ముద్రణ టెక్స్ట్‌బుక్కులు తెప్పించి ఈబేలో అమ్మాడు. జాన్ వైలీ ప్రచురణ సంస్థ దావా వేసింది. 2013 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో అతని వైపు నిలిచింది. విదేశంలో చట్టబద్ధంగా అచ్చయిన ప్రతిని కొన్నవారు దాన్ని మళ్ళీ అమ్ముకోవచ్చని దాని సారాంశం. అయితే ఇది అసలు ప్రతికే వర్తిస్తుంది. జిరాక్సులు, పీడీఎఫ్‌లు చేసి అమ్మడానికి కాదు. ఇండియాలో కాపీరైటు రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది.

తాళపత్రాల విషయంలో మాత్రం జాగ్రత్త. 1972 నాటి భారత పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్ళు దాటిన, చారిత్రక లేదా సాహిత్య విలువున్న రాతప్రతులను ఎవరికి వారు దేశం దాటించడం నేరం. తాతగారి అటక మీది తాళపత్రాల కట్టను సూట్‌కేసులో వేసుకొచ్చి వేలం వెయ్యాలనే ఆలోచన మానుకోండి.

పన్నుల మాటకొస్తే, 2025లో వచ్చిన చట్టంతో ఈబే వంటి సంస్థలు ఐఆర్ఎస్‌కు 1099-కె పంపే హద్దు మళ్ళీ 20,000 డాలర్లు, 200 అమ్మకాలు దాటినప్పటికి మారింది. ఫారం రాకపోయినా లాభం వస్తే పన్ను ఉంటుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: సొంత పుస్తకాలు అప్పుడప్పుడు అమ్ముకోవడం వేరు, లాభం కోసం కొని అమ్మే వ్యాపారం నడపడం వేరు. రెండోదానికి దిగేముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి.

అన్నీ అమ్మకానికేనా?

కాదు. అరుదైనదనిపించిన ప్రతి పుస్తకాన్నీ ముందు వరల్డ్‌క్యాట్‌లో వెతకండి. ప్రపంచంలోని లైబ్రరీల్లో ఎక్కడెక్కడ ఉందో చూపిస్తుంది. అమెరికాలో తెలుగు పుస్తకాలు ఇన్ని ఉండటానికి ఒక కారణం పీఎల్-480. ఇండియా గోధుమలకు చెల్లించిన రూపాయల్లోంచి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన పుస్తకాలు కొని, ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంచింది. వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు పాఠం చెప్పిన విస్కాన్సిన్‌లోనూ, షికాగో, బర్క్‌లీల్లోనూ మంచి తెలుగు సేకరణలున్నాయి. ఎక్కడా లేని పుస్తకం మీ గరాజులో ఉందని తేలితే, వేలం కన్నా ముందు అక్కడి దక్షిణాసియా లైబ్రేరియన్‌కు ఒక ఈమెయిల్ రాయండి. అన్నీ తీసుకోరు, కానీ జాబితా స్పష్టంగా ఉంటే చూసి జవాబిస్తారు.

పెద్దాయన పుస్తకాలను అలాగే నాలుగు కుప్పలు చేశాం. తెలుగు బడికి ఇచ్చేవి, స్థిరమైన ధరకు పెట్టేవి, వేలానికి వెళ్ళేవి, లైబ్రరీని అడగవలసినవి. అన్నిటికన్నా చిన్నది వేలం కుప్పే, పదకొండు పుస్తకాలు. వాళ్ళమ్మగారు కుట్టించిన సీరియల్ బైండ్లు మూడు మాత్రం ఆయన ఏ కుప్పలోనూ పెట్టనివ్వలేదు. వాటిని స్కాన్ చేసి ఆ ఫైళ్ళు మనవరాలికి ఇచ్చాం. విలువ తెలిశాక అమ్మకూడదని నిర్ణయించుకోవడం కూడా మంచి నిర్ణయమే.

మీరు ఆన్‌లైన్‌లో అమ్మినా, అమ్మకపోయినా, ఒక పని మాత్రం చెయ్యండి. అమ్మానాన్నలు దగ్గరున్నప్పుడే ఆ పెట్టెలు విప్పి, ఒక్కో పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, ఎక్కడ కొన్నారో ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించండి. తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ రాయండి. ఒక వారాంతం పని. ఆ జాబితా ఉంటే రేపు ఇల్లు ఖాళీ చేసేది ఎవరైనా సరే, పెట్టె మీద చీటీ రాసేముందు అందులో ఏముందో తెలుసుకుంటారు.